కొలతకు అందిన రాళ్ళు, లెక్కకు రాని మనుషులు

మన చరిత్ర గ్రంథాలకు ఒక అలవాటు ఉంది. శాసనం దొరికిన చోట చరిత్ర ఉన్నట్టు, దొరకని చోట లేనట్టు రాస్తాయి. శాసనం వేయించగలిగినవాడు ఎవడు? రాజు, సామంతుడు, మఠాధిపతి, గుడికి మాన్యమిచ్చిన సంపన్నుడు. అధికారమో, భూమో, చదువో చేతిలో ఉన్నవాడే రాయి మీద పేరు చెక్కించుకున్నాడు. ఆ రాయిని గుట్టలోంచి చీల్చి, దొర్లించి, నిలబెట్టినవాడి పేరు ఆ రాయి మీద ఉండదు. ఎం.ఏ. తెలుగులో శాసనభాష పేరుతో మేము చదువుకున్నదంతా మొదటిరకం మనుషుల గురించే. విభక్తి ప్రత్యయాలు ఎప్పుడు ఎలా మారాయో నేర్చుకున్నాం. రాయి ఎక్కడినుంచి వచ్చిందని అడగడం మాత్రం మాకెవరూ నేర్పలేదు.

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో అక్షరం లేని రాళ్ళు కొల్లలుగా ఉన్నాయి. చెలకల మధ్య గుండ్రంగా పేర్చిన గుండ్లు, నాలుగు బండలు నిలిపి పైన ఒకటి కప్పిన గూళ్ళు, ఎవరో నిలబెట్టి వదిలేసిన నిలువురాళ్ళు. జనం వీటిని రాక్షసగుళ్ళంటారు, పాండవుల గుళ్ళంటారు. పురావస్తుశాఖ బృహత్ శిలాయుగపు కట్టడాలంటుంది. ఈ రాళ్ళను ఇవాళ డ్రోన్లతో, కొత్త సర్వే పరికరాలతో కొలిచే అవకాశం వచ్చింది. ఆ కొలత ఏమి చెబుతుంది, ఎవరికి ఉపయోగపడుతుంది, దానిలో ఎవరి మాట చేరాలి అన్నది ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న విషయం. సాహిత్య పత్రికలో సర్వే పరికరాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పటం కూడా ఒక రచనే. ఏది ఉంచాలో, ఏది వదలాలో, దేనిని ఏ పేరుతో పిలవాలో అక్కడా ఒకరు నిర్ణయిస్తారు. కథను విమర్శించినట్టే పటాన్నీ విమర్శించవలసి ఉంది.

ఉదాహరణకు ముడుమాల్‌ను తీసుకుందాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, 2019 నుంచి నారాయణపేట జిల్లాలో, కృష్ణా మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న ఊరు అది. భీమా నది వచ్చి కృష్ణలో కలిసే చోటికి దగ్గర. ఊరి పక్కన సుమారు 80 ఎకరాల మేర 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి. వాటి చుట్టూ వరుసలుగా పరిచిన చిన్న రాళ్ళు మూడువేల వరకు ఉంటాయి. వీటి వయసు మూడున్నర వేల ఏళ్ళ పైమాటేనని పరిశోధకుల అంచనా. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులుగా పనిచేసిన కె.పి. రావు ఈ స్థలాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. కొన్ని రాళ్ళ వరుసలు అయనాంతాలలోనూ, విషువత్తులలోనూ సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలకు సరిపోతున్నాయని ఆయన ప్రతిపాదించారు. ఒక బండ మీద తొలిచిన చిన్న చిన్న గుంటలలో సప్తర్షి మండలపు ఆకారాన్ని కూడా గుర్తించారు. 2025 మార్చిలో ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

ఇంత పెద్ద మాట పుట్టిన ఊళ్ళో జనం ఆ రాళ్ళను ఏమని పిలుస్తారు? నిలురాళ్ళు అంటారు. అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పండితులు ఈ రెండో సంగతిని మూఢనమ్మకమని ఒక వాక్యంలో తేల్చేసి ముందుకు పోతారు. నేను అలా పోలేను. డి.డి. కోశాంబి పూనా పరిసరాల కొండల్లో కాలినడకన తిరిగి, అమ్మదేవతల స్థలాలు, పాత దారులు, పెద్దరాళ్ళ కట్టడాలు తరచు ఒకే చోట ఎందుకు కలుస్తున్నాయని ప్రశ్నించాడు. 1962లో వచ్చిన ఆయన గ్రంథం ‘మిత్ అండ్ రియాలిటీ’ ఆ నడకల ఫలితమే. ఆ గొర్రెలకాపరి, ఆ పూజారిణి, ఆ కూలీ చెప్పిన మాటను ఆయన గ్రంథస్థమైన ఆధారంతో సమానంగా పరిశీలించాడు. సమానంగా నమ్మాడని కాదు, సమానంగా పరీక్షించాడు. ఎల్లమ్మ రాయి ఏది, ఆ రాయే ఎందుకు, ఏటా ఏ రోజున అక్కడికి పోతారు, ఏ కులంవారు ముందు నడుస్తారు అన్నవి ముడుమాల్ పటంలో చేరవలసిన సమాచారమే.

ఈ రాళ్ళను కొలవడం డ్రోన్లతోనే మొదలు కాలేదు. ముడుమాల్‌కు పడమట, అప్పటి సురపురం సంస్థానంలో 1840లలోనూ 1850ల తొలి ఏళ్ళలోనూ పాలన నడిపిన మెడోస్ టేలర్‌ను సాహిత్య విద్యార్థులు ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఏ థగ్’ అనే 1839 నాటి నవల రాసినవాడిగా ఎరుగుదురు. ఆ నవలాకారుడే జేవర్గి దగ్గర రాతిగూళ్ళను తవ్వించి, తవ్విన గుంతల అడ్డకోతలను పొరలవారీగా బొమ్మలు గీశాడు. విభూతిహళ్ళి దగ్గర వరుసలుగా పేర్చిన గుండ్ల మైదానాన్ని వర్ణించాడు. నిజాం ప్రభుత్వం 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తుశాఖను పెట్టింది. 1956లో ఆల్చిన్ దక్షిణ హైదరాబాదులోని రాళ్ళ వరుసల గురించి ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. అంటే ఈ నేల గత నూట డెబ్బై ఏళ్ళుగా కొలతకు అలవాటు పడినదే. గొలుసు, ప్లేన్ టేబుల్, థియోడలైట్ పట్టుకుని ఎండలో నడిచిన మనుషుల శ్రమ ఆ పాత పటాల్లో ఉంది. గొలుసు లాగిన కూలీ పేరు మాత్రం ఆ పటాల మీద కూడా లేదు.

కొత్త పరికరాలు చేసే పని ఏమిటో మనవాళ్ళు తెలుసుకోవాలి. ఎందుకంటే పరికరాన్ని చూసి మురిసిపోవడం, పరికరాన్ని చూసి భయపడడం రెండూ అజ్ఞానం నుంచే పుడతాయి. ముందు నేల మీద కొన్ని గుర్తులు పెడతారు. రెండు జి.పి.ఎస్. పరికరాలను జోడించి – ఒకటి కదలకుండా ఒకచోట, మరొకటి చేతిలో – ఆ గుర్తుల స్థానాన్ని ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలోపు నిర్ధారిస్తారు. తర్వాత డ్రోన్ దుక్కిసాళ్ళలాగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎగురుతూ వందల ఫోటోలు తీస్తుంది. ప్రతి ఫోటో పక్క ఫోటోతో నూటికి డెబ్బై ఎనభై వంతులు కలిసి ఉండాలి. ఒకే రాయి అనేక కోణాల నుంచి కనిపించడం వల్ల కంప్యూటర్ ఆ రాయి స్థానాన్నీ ఎత్తునూ లెక్కగట్టగలుగుతుంది. మన రెండు కళ్ళు దూరాన్ని పోల్చుకునే పద్ధతే ఇది, కళ్ళ సంఖ్య వందలకు పెరిగింది, అంతే. నిటారు రాయి పైనుంచి చూస్తే చిన్న చుక్క. దాని పక్కతలాలు, వంపు, మొదలు కావాలంటే మనిషి కిందనుంచి టోటల్ స్టేషన్‌తో కోణమూ దూరమూ కొలవక తప్పదు. పొద్దు వాలినప్పుడు తీసిన ఫోటోల్లో పొడుగు నీడలు నేల మీది చిన్న ఎత్తుపల్లాలను బయటపెడతాయి, అదే నీడ పక్క రాయిని కప్పేస్తుంది కూడా. కనుక ఏ వేళకు ఎగరేయాలన్నది కూడా ఆ స్థలం తెలిసినవాడు చెప్పవలసిన మాటే.

ఇంత సూక్ష్మంగా ఎందుకు కొలవాలి? ముడుమాల్ విషయంలో దీనికి ఖచ్చితమైన కారణం ఉంది. ఆ ఊరు ఉన్న అక్షాంశం దగ్గర, సమతలమైన దిగంతం మీద, ఉత్తరాయణాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పుకు సుమారు 24 డిగ్రీలన్నర ఉత్తరంగా ఉదయిస్తాడు. భూమి అక్షపు వాలు నెమ్మదిగా మారుతుంది కాబట్టి మూడున్నర వేల ఏళ్ళ కింద ఆ కోణం 25 డిగ్రీలకు దగ్గరగా ఉండేది. తేడా అర డిగ్రీ లోపే. ఆకాశంలో సూర్యబింబపు వెడల్పు కూడా సుమారు అర డిగ్రీ. కంటి అంచనాతోనో, పక్కన ఇనుప వస్తువు ఉంటే దారి తప్పే దిక్సూచితోనో ఇంత చిన్న తేడా తేలదు. రాయి మొదలు ఎక్కడుంది, అది ఏటవాలుగా ఒరిగిందా, ఎదుటి గుట్ట ఎత్తు ఎంత అన్నవి తెలియకుండా ఈ వరుస సూర్యుడికి గురిపెట్టినది అనడం సాహసమే అవుతుంది.

ఇక్కడ విమర్శకులుగా మనకు బాగా పరిచయమైన ఒక ప్రమాదం ఉంది. 80 నిలువురాళ్ళను రెండేసి చొప్పున జతపరిస్తే 3,160 గీతలు వస్తాయి. దిక్కులన్నీ కలిపితే 360 డిగ్రీలే. అన్ని గీతల్లో కొన్ని ఏదో ఒక సూర్యోదయానికి యాదృచ్ఛికంగానే సరిపోతాయి. ఇది పద్యంలో కవి ఊహించని శ్లేషను పదం విరిచి వెలికితీసే వ్యాఖ్యాత పద్ధతి వంటిది. ఏడు అర్థాలు తీయగలిగినంత మాత్రాన ఏడూ కవివి కావు. రాళ్ళ విషయంలో ఈ వ్యాఖ్యాన లౌల్యానికి విరుగుడు ఒకటే: సరిపోయిన గీతలనే కాక సరిపోని గీతలను కూడా చూపించే సంపూర్ణమైన పటం. అది ఉన్నప్పుడు యాదృచ్ఛికంగా ఎన్ని సరిపోవాలో లెక్కగట్టి, నిజంగా సరిపోయినవి అంతకన్నా ఎక్కువా కాదా అని తేల్చవచ్చు. ఖగోళ ప్రతిపాదనను కాదనడానికి నేనీ మాట అనడం లేదు. అది నిలబడాలంటే ఎటువంటి పునాది కావాలో చెబుతున్నాను. ప్రాచీనుల ఘనతను పొగడడానికి తొందరపడేవాళ్ళు ఈనాడు చాలామంది ఉన్నారు. వాళ్ళ చేతికి సగం పటం అందితే అది పురాణమవుతుంది, మొత్తం పటం అందితే చరిత్ర అవుతుంది.

ఇక శ్రమ సంగతి. 14 అడుగుల రాయి, సగటున 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం అనుకుందాం. అది 112 ఘనపుటడుగులు. నల్లరాయి ఘనపుటడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది. అంటే ఒక్క రాయి ఎనిమిది టన్నుల పైమాట. అటువంటివి పదుల సంఖ్యలో. యంత్రం లేని కాలంలో దీనికి మోకులు, మొద్దులు, గునపం వంటి మీట, వీటన్నిటికీ మించి ఒక మాట మీద కదిలే మందల కొద్దీ మనుషులు కావాలి. వాళ్ళకు తిండి పెట్టగల మిగులు ధాన్యమో, పశుసంపదో ఆ సమాజంలో ఉండాలి. ఆ పని బలవంతంగా జరిగిందా, ఉమ్మడి ఇష్టంతో జరిగిందా? నిలిపిన రాయి ఒక నాయకుడి గుర్తా, ఒక గణపు గుర్తా? ఇవి ఉత్పత్తి సంబంధాల ప్రశ్నలు. రాయి ఏ గుట్ట నుంచి వచ్చిందో, ఆ గుట్టకూ ఈ స్థలానికీ మధ్య వాలు ఎంతో, దారిలో వాగు ఉందో లేదో ఎత్తుపల్లాల పటం చెబుతుంది. సూర్యుడికి గురిపెట్టిన గీత ఒక్కటే కాకుండా, రాయి దొర్లిన దారిని కూడా పటంలో గీయాలని నేనంటాను. మన దగ్గర పటాలు ఎప్పుడూ ఆకాశం వైపే చూస్తాయి.

మన జిల్లాల్లో ఇంతకుముందు రెండుసార్లు పెద్ద ఎత్తున రాళ్ళను కొలిచారు. రెండుసార్లూ కృష్ణ ఒడ్డునే, రెండుసార్లూ నీటిలో ముంచడానికి ముందు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కుడి ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి. ఎడమ ఒడ్డున నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తుశాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వించారు. పెద్దరాళ్ళ సమాధుల నుంచి శాతవాహన, ఇక్ష్వాకుల కాలాల దాకా అక్కడ పొరలు పొరలుగా మనుషుల ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆయన నివేదిక 1963లో అచ్చయింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఏలేశ్వరం నీళ్ళలోకి పోయింది. ఈనాడు ఆ ఊరిని చూడాలంటే ఆ నివేదికలోని పటాలే దిక్కు. కొలత విలువ ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఏలేశ్వరం పేరు చెబుతాను.

అదే సాగర్ ఆనకట్టను కట్టింది ఎవరు? అది రాతికట్టు ఆనకట్ట. రాయి కొట్టి, మోసి, పేర్చినవాళ్ళలో పాలమూరు కూలీలు ఎందరో. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా పాలమూరు మట్టిమనిషి అక్కడ ఉన్నాడన్నది జగమెరిగిన సంగతి. ఒకే నది ఒడ్డున, మూడువేల ఏళ్ళ ఎడంతో, పెద్ద రాళ్ళను ఎత్తినవాళ్ళు రెండుసార్లూ పేరులేనివాళ్ళే. ముందటివాళ్ళకు అక్షరం లేదు. తరవాతివాళ్ళకు అక్షరం ఉన్న ప్రభుత్వం ఉంది, మస్తరు రోల్ ఉంది, అయినా చరిత్రలో పేరు లేదు.

శ్రీశైలం ప్రాజెక్టు దగ్గర ఈ వైరుధ్యం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నీటిముంపుకు గురయ్యే గుళ్ళను రక్షించాలని గట్టిగా కృషి చేసినవారిలో అలంపురం పండితుడు గడియారం రామకృష్ణశర్మ ముఖ్యులు. నవబ్రహ్మ ఆలయాలకు అడ్డంగా రక్షణగోడ లేచింది. కూడలి సంగమేశ్వరాలయాన్ని, సోమశిల, జటప్రోలు గుళ్ళను విప్పి, వేరే చోట మళ్ళీ కట్టారు. ప్రతి రాయికీ ఒక నంబరు వేసి, పటం గీసి, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసుకుని, వరుస తప్పకుండా తిరిగి నిలిపారు. అది గొప్ప పని, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. 1981లో నూరుకు పైగా ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు ఆ ఇళ్ళకు ఎవరూ ఆ రకంగా నంబర్లు వేయలేదు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండాలో ఎవరూ రాసుకోలేదు. రాళ్ళు ఒకదాని పక్కన ఒకటి మళ్ళీ నిలిచాయి. మనుషులు తలా ఒక దిక్కు పోయారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి 98వ నంబరు జీ.వో. అమలు కోసం వాళ్ళు దశాబ్దాలు తిరిగారు. గుడి రాయికి దక్కిన కొలత గుడిసె రాయికి దక్కకపోవడమే ఈ వ్యాసం శీర్షికకు మూలం.

కనుక కొత్త పరికరాలు వచ్చినప్పుడు మనం వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: ఎవరు కొలుస్తున్నారు, దేనికి? నల్లమలలో ఇదేమీ ఊహాగానం కాదు. అమ్రాబాద్ అడవుల్లో, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం కోసం సర్వేలు, ప్రతిపాదనలు వచ్చాయి. జనం ప్రతిఘటించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. భూమిని పైనుంచి చూసే పరికరానికి తన పక్షమంటూ ఉండదు. దాన్ని ఎగరేసేవాడికి ఉంటుంది. ఖనిజం కోసం గీసిన పటంలో చెంచుపెంట ఖాళీ జాగాగా కనిపిస్తుంది. చెంచుల కోసం గీసిన పటంలో అదే జాగాలో నీటి ఊట, తేనెచెట్టు, పూర్వీకులను పూడ్చిన చోటు కనిపిస్తాయి.

ఈ రెండో రకం పటానికి చట్టంలో కూడా విలువ ఉంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు, హక్కు నిరూపణకు పనికివచ్చే ఆధారాల్లో బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాల వంటి పాత కట్టడాలను కూడా లెక్కలోకి తీసుకున్నాయి. అంటే అక్షరం లేని రాయి కూడా అక్కడ సాక్ష్యమే. హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మీద 1943లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ గ్రంథం విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. చెంచు స్వయంగా తన తాతల సమాధిని చూపించి, దాని స్థానాన్ని పరికరంతో నమోదు చేయించుకుంటే అది గ్రామసభలో పత్రమవుతుంది. దట్టమైన చెట్ల కింద ఫోటో పనిచేయదు, లేజరు కిరణాలతో కొలిచే పరికరం కావాలి. అయినా ఏ చెట్టు కింద వెతకాలో చెప్పేది చెంచే.

సముద్రతీరాలలో ఇదే సమస్యను ఎదుర్కొంటున్న ఆదివాసులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. ఆస్ట్రేలియా, కెనడా తీరాల్లో వాళ్ళ పూర్వీకులు తిని పారేసిన గవ్వల దిబ్బలను, పాత నివాసాలను కడలి కోసేస్తున్నది. అక్కడ కూడా డ్రోన్లు ఎగురుతున్నాయి. ఆ సమాచారం ఎవరి సొత్తు అన్న ప్రశ్న మీద ఆదివాసీ మేధావులు 2019లో నాలుగు సూత్రాలు ప్రకటించారు: సామూహిక ప్రయోజనం, నియంత్రణాధికారం, బాధ్యత, నీతి. వీటిని మనం అరువు తెచ్చుకోనక్కరలేదు గాని, ఆ ప్రశ్న మనదీ అవునా కాదా అని ఆలోచించాలి. మన దగ్గర ఈ ప్రశ్నకు ఒక మొరటు రూపం కూడా ఉంది. పెద్దరాళ్ళ గూడు కనిపిస్తే దాని కింద గుప్తనిధి ఉందని రాత్రిపూట తవ్వే ముఠాలున్నాయి. ప్రతి సమాధి స్థానాన్ని సెంటీమీటర్ల లెక్కన అందరికీ బయటపెట్టడం వాళ్ళకు దారి చూపించడమే. పటాన్ని దాచడమూ తప్పే, విచ్చలవిడిగా చల్లడమూ తప్పే. ఊరి గ్రామసభ దగ్గర, బడి దగ్గర, పురావస్తుశాఖ దగ్గర ఒక్కో ప్రతి ఉండి, దేన్ని బయటపెట్టాలో ముగ్గురూ కలిసి నిర్ణయించుకోవడం సాధ్యమేనని నా అభిప్రాయం.

పటం లేకపోతే జరిగేది మన కళ్ళముందే జరుగుతున్నది. పహాణీలో సర్వే నంబరుకు కాలమ్ ఉంది, పట్టాదారుకు ఉంది, పంటకు ఉంది. నిలువురాయికి లేదు. బోరు వేసేవాడికి, రోడ్డుకు కంకర కొట్టేవాడికి, వెంచరు వేసి ప్లాట్లు గీసేవాడికి అది అడ్డమొచ్చిన బండ. వరుసగా ఉన్న పది రాళ్ళలో మూడు పోతే మిగిలిన ఏడు వరుసగా కూడా కనబడవు, మామూలు గుండ్లుగా కలిసిపోతాయి. చిన్న రైతును తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. రెండెకరాల చెలకలో నాలుగు గుంటలు రాళ్ళకు వదలమంటే ఆ నష్టం ఎవరు భరిస్తారన్నది న్యాయమైన ప్రశ్న. తెలంగాణలో 2017లో వారసత్వ పరిరక్షణ చట్టం వచ్చింది. హద్దులు గీయని స్థలానికి ఏ చట్టమూ కాపలా కాయలేదు. యునెస్కో తాత్కాలిక జాబితా కూడా దానంతటదే రాయిని కాపాడదు. ఏటా ఒకే చోటినుంచి, ఒకే ఎత్తునుంచి తీసిన పటాలను పక్కపక్కన పెడితే ఏ రాయి ఒరిగింది, ఏది మాయమైంది అని తారీఖుతో సహా తెలుస్తుంది. నష్టం జరిగిందని చెప్పడానికి ముందు ఏమి ఉండేదో నిరూపించాలి కదా.

పాత నల్లగొండ జిల్లా ఫణిగిరిని చూడండి. అక్కడి బౌద్ధశిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయి. 2024లో అక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇవి సంతోషించవలసిన విషయాలే. శిల్పానికి అందం ఉంది, నాణేనికి ముద్ర ఉంది, విమానమెక్కగలవు. పొలం మధ్య పేర్చిన గుండ్లకు అందం వాటి వరుసలోనే ఉంది. వాటిని తీసుకుపోతే మిగిలేది ఏమీ లేదు. అందుకే వాటికి మ్యూజియం కన్నా పటం ముఖ్యం. శాసనం లేని చరిత్రకు కొలతే శాసనం.

ఇక రచయితలు, సాహిత్య విద్యార్థులు చేయవలసింది ఏమిటి? మనకు ఒక పరంపర ఉంది. 1922లో ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా తిరిగి శాసనాలు సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసి, రాజుల పట్టికను పక్కకు నెట్టి, జనం తిన్నదీ కట్టుకున్నదీ ఆడుకున్నదీ చరిత్రగా నిలబెట్టాడు. నల్లగొండలో బి.ఎన్. శాస్త్రి సొంత పూనికతో శాసనాలు వెతికి అచ్చువేశాడు. వీళ్ళెవరూ ప్రభుత్వ పరికరాల కోసం ఎదురుచూడలేదు. వాళ్ళు అక్షరమున్న రాళ్ళను చదివారు. అక్షరం లేని రాళ్ళను చదవడం మన వంతు.

డ్రోన్ చేయలేని పని ఒకటుంది, అది భాష పని. ప్రతి గుట్టకూ, బండకూ, బోడుకూ ఊళ్ళో ఒక పేరు ఉంటుంది. ఆ పేరు రెవెన్యూ రికార్డులో ఉండదు, ఉన్నా తప్పుగా ఉంటుంది. మా బడిలో పిల్లలను వాళ్ళ ఊళ్ళలో రాళ్ళ పేర్లు రాసుకురమ్మంటే, తెలుగు నిఘంటువులో నాకు దొరకని మాటలు ఒక్కో పిల్లవాడు నాలుగైదు తెస్తాడు. ఆ పేర్లు చెప్పేవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళు, పశువులు కాసినవాళ్ళు, రాయి కొట్టే వడ్డెరలు. రాయి ఏ నరం మీద చీలుతుందో, ఎంత బరువుకు ఎందరు మనుషులు కావాలో వడ్డెరకు తెలిసినంత ఆచార్యులకు తెలియదు. ముడుమాల్ రాళ్ళను ఎలా నిలబెట్టి ఉంటారో అడగవలసినవాళ్ళలో మొదటివాడు అతనే. పటం మీద ప్రతి చుక్క పక్కన స్థానికమైన పేరు, ఆ పేరు చెప్పిన మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు చేరాలి. అప్పుడే ఆ పటం తెలుగులో ఉన్నట్టు లెక్క.

పరికరం వచ్చింది కనుక పని తేలికయిందని అనుకోవద్దు. ఎంత కొలవాలో అది చెప్పగలదు, ఎవరిని అడగాలో అది చెప్పలేదు. డిగ్రీ కాలేజీల్లో తెలుగు, చరిత్ర శాఖలు ఒక్కొక్క మండలాన్ని తీసుకుని, సర్వే తెలిసిన యువకులను కలుపుకుని, సెలవుల్లో ఒక్కొక్క ఊరి రాళ్ళను, పేర్లను, కథలను నమోదు చేస్తే పదేళ్ళలో ఈ రెండు పాత జిల్లాల పటం తయారవుతుంది. దాని మొదటి ప్రతిని ఏ ఊరి రాళ్ళను కొలిచామో ఆ ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. అందులో తప్పుంటే సరిదిద్దే హక్కు ఆ గోడ ముందు నిలబడి చదివేవాళ్ళకు ఉండాలి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించే బాధ్యత మనది.